డైవ్ తర్వాత ఒంట్లో బుడగలు: పైకి వచ్చే పద్ధతితో వాటిని ఎలా తగ్గించుకోవాలి

అండమాన్‌లో గానీ, కర్ణాటకలోని నేత్రాణి దీవి దగ్గర గానీ, విశాఖ తీరంలో గానీ స్కూబా డైవ్ చేసి, చేతికున్న డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూసి ఎలా పైకి రావాలో లెక్కగట్టే పరికరం) ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వకుండా పైకి వచ్చిన డైవర్ గుండెను అల్ట్రాసౌండ్‌తో చూస్తే, కుడివైపు గదుల్లో తెల్లటి చుక్కలు కదులుతూ కనిపించడం మామూలే. అవి నైట్రోజన్ బుడగలు. నొప్పి ఉండదు, తేడా తెలియదు. అందుకే వాటిని నిశ్శబ్ద బుడగలు అంటారు. చాలావరకు ఊపిరితిత్తుల దగ్గరే చిక్కుకుని, మెల్లగా కరిగి, ఊపిరితో బయటికి పోతాయి. అవి మరీ ఎక్కువైనా, దారి తప్పి ధమనుల్లోకి వెళ్లినా, వెన్నుపాములోనో కీళ్ల దగ్గరో పుట్టినా డీకంప్రెషన్ జబ్బు వస్తుంది.

కంప్యూటర్ తెర మీద పచ్చరంగు ఉందంటే జబ్బు వచ్చే అవకాశం తక్కువని అర్థం. బుడగలు లేవని కాదు. వాటి సంఖ్య మీద మీకు చాలా పట్టు ఉంది. పైకి వచ్చే కొద్ది నిమిషాలు, ఆ తర్వాతి రెండు గంటలు ఎలా గడుపుతారన్నది పెద్ద తేడా తెస్తుంది. ఓపెన్ వాటర్ అనే ప్రాథమిక స్కూబా కోర్సు పూర్తి చేసి, సొంతంగా డైవ్ ప్లాన్ చేసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని మొదటి డైవ్ చేసినవాళ్లకి కూడా చివరి మూడు దశలు పనికొస్తాయి. ఇది శిక్షణకి ప్రత్యామ్నాయం కాదు.

ముందు లెక్క

గాలిలో నైట్రోజన్ సుమారు 79 శాతం. సముద్ర మట్టం దగ్గర మన ఒంట్లో అది 0.79 అట్మాస్ఫియర్ పీడనంతో కరిగి ఉంటుంది. ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక అట్మాస్ఫియర్ పెరుగుతుంది కాబట్టి 30 మీటర్ల దగ్గర మొత్తం పీడనం 4, మనం పీల్చే నైట్రోజన్ పీడనం 3.16. ఒళ్లు ఆ అంకె వైపు నిండుతూ పోతుంది. కానీ అన్ని భాగాలూ ఒకే వేగంతో నిండవు. రక్తం, మెదడు లాంటివి త్వరగా నిండి త్వరగా ఖాళీ అవుతాయి. కొవ్వు, కీళ్ల చుట్టూ ఉండే కణజాలం నెమ్మది. ఈ వేగాన్ని హాఫ్ టైమ్ అంటారు, అంటే సగం తేడా పూడటానికి పట్టే సమయం.

30 మీటర్ల దగ్గర 20 నిమిషాలు గడిపారనుకుందాం. 5 నిమిషాల హాఫ్ టైమ్ ఉన్న భాగంలో నైట్రోజన్ సుమారు 3.0కి చేరుతుంది. 20 నిమిషాల భాగం దాదాపు 2.0 దగ్గర, 40 నిమిషాల భాగం దాదాపు 1.5 దగ్గర ఉంటాయి. ఈ మూడు అంకెలూ గుర్తుంచుకోండి. కింద చెప్పే దశలన్నీ వీటి మీదే నడుస్తాయి.

ఈ లెక్కకి పునాది వేసింది బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. రాబర్ట్ బాయిల్ 1670లోనే, గాలి తీసేసిన పాత్రలో ఉంచిన పాము కంటిలో బుడగ కదలడం చూశాడు. 1878లో ఫ్రాన్స్‌లో పాల్ బేర్ ఆ బుడగల్లో ఉన్నది నైట్రోజనే అని తేల్చాడు. హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, 1908లో తన సహచరులతో కలిసి ఫలితాలు ప్రచురించాడు. ఒంటిని 5, 10, 20, 40, 75 నిమిషాల హాఫ్ టైమ్‌లు ఉన్న ఐదు భాగాలుగా ఊహించి, మధ్యలో ఆగుతూ పైకి రమ్మన్నాడు. తర్వాత జ్యూరిక్‌లో ఆల్బర్ట్ బుల్‌మాన్ దాన్ని పదహారు భాగాలకి పెంచాడు. మీ చేతికున్న కంప్యూటర్ బహుశా ఆయన లెక్కనో, దానికి దగ్గరి బంధువునో వాడుతూ ఉంటుంది.

అయితే హాల్డేన్ చూసింది జబ్బుని, బుడగల్ని కాదు. 1970లలో అమెరికాలో మెరిల్ స్పెన్సర్ ఛాతీ మీద డాప్లర్ పరికరం పెట్టి గుండెలో బుడగల చప్పుడు విని, 0 నుంచి 4 వరకు గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టాక విషయం మారింది. ఏ జబ్బూ లేని డైవర్లలో కూడా బుడగలు వినిపించాయి. గ్రేడ్ ఎక్కువ ఉన్నా చాలామందికి ఏమీ కాదు. కానీ బుడగలే లేనప్పుడు జబ్బు రావడం చాలా అరుదు. అందుకే వాటిని తగ్గించుకోవడం మంచి లక్ష్యం.

సోడా సీసా మూత తీసిన పోలిక ప్రతి క్లాసులోనూ వినిపిస్తుంది. అది సగమే నిజం. సీసాలో గ్యాస్‌కి మూత తప్ప వేరే దారి లేదు. మనకి ఊపిరితిత్తులు ఉన్నాయి. కరిగిన నైట్రోజన్ బుడగ కాకముందే రక్తంలో ప్రయాణించి ఊపిరితో పోవడానికి టైమ్ ఇవ్వడమే డీకంప్రెషన్.

దశ 1: నీళ్లలోకి దిగకముందు

కంప్యూటర్ సెట్టింగ్ చూసుకోండి. చాలా కంప్యూటర్లలో కన్జర్వేటిజం అని ఒక ఆప్షన్ ఉంటుంది. కొన్నింటిలో అది గ్రేడియంట్ ఫ్యాక్టర్ రూపంలో, 40/85 లాంటి రెండు అంకెలుగా కనిపిస్తుంది. మొదటి అంకె మీరు మొదట ఎంత లోతులో ఆగాలో నిర్ణయిస్తుంది. రెండోది నీటి పైకి వచ్చేసరికి ఒంట్లో ఎంత అదనపు నైట్రోజన్‌ని అనుమతించాలో చెబుతుంది. మామూలు సరదా డైవ్‌లకి రెండో అంకే ముఖ్యం. దాన్ని 95 నుంచి 75కి తగ్గిస్తే అడుగున గడిపే సమయం కొంచెం తగ్గుతుంది, ఒంట్లో మిగిలే నైట్రోజన్ కూడా తగ్గుతుంది. వయసు పైబడినవాళ్లు, రోజుకి మూడు డైవ్‌లు చేసేవాళ్లు, వరసగా నాలుగైదు రోజులు డైవ్ చేసేవాళ్లు తగ్గించి పెట్టుకోవాలి.

నైట్రాక్స్ (మామూలు గాలిలో కన్నా ఆక్సిజన్ ఎక్కువ ఉండే మిశ్రమం) శిక్షణ ఉంటే 32 శాతం ఆక్సిజన్ సిలిండర్ తీసుకోండి. 30 మీటర్ల దగ్గర నైట్రోజన్ పీడనం 3.16కి బదులు 2.72 మాత్రమే ఉంటుంది. చాలామంది దీన్ని అడుగున ఎక్కువసేపు ఉండటానికి వాడతారు. అలా వాడితే బుడగల విషయంలో మిగిలే లాభం ఏమీ ఉండదు. సమయం పెంచకుండా గాలితో చేసే డైవ్‌నే నైట్రాక్స్‌తో చేస్తే లాభం మీ ఒంటికి దక్కుతుంది. లోతు పరిమితి మాత్రం మరవద్దు: 32 శాతానికి 33 మీటర్లు దాటకూడదు, ఆక్సిజన్ ఎక్కువై నీళ్లలోనే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

నీళ్లు బాగా తాగండి. ముందు రాత్రి మందు తాగి, నిద్ర లేకుండా పొద్దున్నే పడవ ఎక్కొద్దు.

దశ 2: అడుగున ఉన్నప్పుడు

లోతైన భాగం ముందు, తక్కువ లోతు తర్వాత. డైవ్ రెండో సగం 10, 12 మీటర్ల మధ్య పగడాల దగ్గర గడిపితే వేగంగా నిండిన భాగాలు ఈదుతూనే ఖాళీ అవుతాయి. ఎదురు ప్రవాహంలో గట్టిగా ఈదితే రక్తప్రసరణ పెరిగి నైట్రోజన్ ఎక్కువగా లోపలికి వెళ్తుంది. ప్రవాహంతో పాటు వెళ్లేలా ప్లాన్ చేయమని డైవ్ మాస్టర్‌ని అడగండి.

చలి విషయం చాలామందికి తెలియదు. అమెరికా నౌకాదళ ప్రయోగాల్లో అడుగున చల్లగా ఉండి, పైకి వచ్చేటప్పుడు వెచ్చగా ఉన్న డైవర్లకి జబ్బు తక్కువ వచ్చింది. అది తారుమారైతే, అంటే అడుగున వెచ్చగా ఉండి, పైకి వచ్చే దారిలో ఆగే చోట (స్టాప్ దగ్గర) వణికితే, ప్రమాదం బాగా పెరిగింది. కారణం సులువే. వెచ్చగా ఉన్నప్పుడు చర్మానికి, కాళ్లూచేతులకి రక్తం బాగా ఆడి నైట్రోజన్ లోపలికి చేరుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే అదే నైట్రోజన్ బయటికి రాలేక అక్కడే ఉండిపోతుంది. మన సముద్రాల్లో నీళ్లు వెచ్చగానే ఉన్నా, మూడో డైవ్ చివర్లో పలచటి సూట్‌లో వణుకు రావడం మామూలే. ఆఖరి పది నిమిషాల్లో వణికేంత చలి వేస్తుందనిపిస్తే ఆ డైవ్ ముందే ముగించండి.

దశ 3: పైకి వచ్చే వేగం

నిమిషానికి 9 మీటర్లు దాటకండి. ఒకప్పుడు 18 మీటర్ల వరకు ఒప్పుకునేవారు. 1990లలో అమెరికా నౌకాదళం కూడా దాన్ని సగానికి, నిమిషానికి 30 అడుగులకి తగ్గించింది. సిలిండర్‌లో 70 బార్ మిగిలి ఉండగానే పైకి బయలుదేరండి. గాలి అయిపోతుందన్న టెన్షన్‌లో ఎవరూ నెమ్మదిగా రాలేరు.

బీసీడీ (గాలి నింపి తేలడాన్ని అదుపు చేసుకునే జాకెట్) లోంచి గాలి ముందుగానే వదులుతూ, కాళ్లతో ఈదుతూ రావాలి. బీసీడీలోకి గాలి ఎక్కించి పైకి తేలడం మాత్రం వద్దు. 30 నుంచి 20 మీటర్లకి వస్తే పీడనం నాలుగో వంతు తగ్గుతుంది. 10 మీటర్ల నుంచి నీటి పైకి వస్తే సగానికి సగం పడిపోతుంది. బీసీడీలో గాలి ఉబ్బేదీ, చూసుకునేలోపే వేగం పెరిగేదీ అక్కడే.

మరీ నెమ్మది కూడా మంచిది కాదు. యూరప్‌లో డైవర్ల మీద చేసిన ఒక అధ్యయనం 2004లో ప్రచురితమైంది. 25 మీటర్ల దగ్గర 25 నిమిషాలు ఉన్నవాళ్లని నిమిషానికి 3, 10, 18 మీటర్ల వేగాలతో, ఆగుతూ, ఆగకుండా, రకరకాలుగా పైకి రప్పించి డాప్లర్‌తో విన్నారు. 3 మీటర్ల అతి నెమ్మది వేగం బుడగల్ని తగ్గించలేదు. లోతులో ఇంకా తిరుగుతున్నంతసేపూ నెమ్మది భాగాలు నిండుతూనే ఉంటాయి కదా.

దశ 4: డీప్ స్టాప్ చేయాలా?

డీప్ స్టాప్ అంటే పైకి వచ్చేటప్పుడు ఇంకా లోతులో ఉండగానే కాసేపు ఆగడం. దీని మీద ఇరవై ఏళ్లు వాదన నడిచింది. పాత డైవ్ మాస్టర్లు ఇప్పటికీ సగం లోతులో ఆగమని చెబుతుంటారు కాబట్టి వివరంగా చెప్పాలి.

హవాయికి చెందిన చేపల శాస్త్రవేత్త రిచర్డ్ పైల్, లోతు నుంచి పట్టుకొచ్చే చేపల గాలి తిత్తిని ఖాళీ చేయడానికి మధ్యలో ఆగాల్సి వచ్చేది. అలా ఆగిన రోజుల్లో తనకి అలసట తక్కువగా ఉందని గమనించాడు. అదే హవాయిలో డేవిడ్ యౌంట్ జెలటిన్‌లో బుడగల్ని పరిశీలించి, ఒంట్లో ముందే ఉండే సూక్ష్మ బుడగలు పెరగకుండా లోతులోనే ఆపాలని ఒక లెక్క తయారుచేశాడు. వాదన బావుంది, వినడానికి సబబుగా ఉంది. యూరప్ అధ్యయనంలో కూడా నిమిషానికి 10 మీటర్ల వేగంతో వచ్చి 15 మీటర్ల దగ్గర, 6 మీటర్ల దగ్గర ఆగినవాళ్లకే బుడగలు అన్నిటికన్నా తక్కువ వచ్చాయి.

తర్వాత అమెరికా నౌకాదళం అసలు పరీక్ష పెట్టింది. ఫలితాలు 2011లో వచ్చాయి. 52 మీటర్ల దగ్గర 30 నిమిషాలు, గాలితోనే. రెండు గుంపులకీ మొత్తం డీకంప్రెషన్ సమయం ఒకటే, 174 నిమిషాలు. ఒక గుంపు ఎక్కువ సమయం లోతులో ఆగింది, రెండోది తక్కువ లోతులో ఆగింది. లోతులో ఆగిన 198 డైవ్‌లలో 11 మందికి జబ్బు లెక్కకి వచ్చింది. తక్కువ లోతులో ఆగిన 192 డైవ్‌లలో 3. బుడగలు కూడా మొదటి గుంపులోనే ఎక్కువ. పరీక్షని మధ్యలోనే ఆపేశారు.

ఎందుకలా? పైన వేసుకున్న లెక్క చూడండి. 15 మీటర్ల దగ్గర పీల్చే నైట్రోజన్ పీడనం దాదాపు 1.98. అక్కడ ఆగితే 5 నిమిషాల భాగం ఖాళీ అవుతుంది. 20 నిమిషాల భాగం ఉన్నచోటే ఉంటుంది. 1.5 దగ్గర ఉన్న 40 నిమిషాల భాగం ఇంకా నిండుతుంది! ఆ బాకీ తక్కువ లోతులో తీర్చుకోవాలి. మొత్తం సమయం పెంచకపోతే బాకీ మిగిలే ఉంటుంది. యూరప్ ప్రయోగంలో 15 మీటర్ల స్టాప్ అదనపు సమయంగా కలిసింది, పైగా అది చిన్న డైవ్. రెండు ఫలితాలకీ తేడా అక్కడుందని నా అభిప్రాయం.

కాబట్టి సరదా డైవ్‌లలో నా సలహా ఇది: సిలిండర్‌లో గాలి మిగిలితే ఆ నిమిషాలు 15 మీటర్ల దగ్గర కాదు, 5 మీటర్ల దగ్గర ఖర్చు పెట్టండి. కంప్యూటర్ డీప్ స్టాప్ అడిగితే, అది తప్పనిసరి అని మాన్యువల్‌లో ఉందో లేదో ముందే చదివి ఉంచుకోండి. ఐచ్ఛికమైతే ఆ ఫీచర్ ఆపేయవచ్చు.

దశ 5: సేఫ్టీ స్టాప్, మూడు నిమిషాలు చాలదు

1970లలో ఆండ్రూ పిల్మానిస్ కాలిఫోర్నియాలో 30 మీటర్ల దగ్గర 25 నిమిషాలు గడిపిన డైవర్లని పరీక్షించాడు. నేరుగా పైకి వచ్చినప్పుడు బుడగలు బాగా వినిపించాయి. 3 మీటర్ల దగ్గర రెండే నిమిషాలు ఆగితే చాలా తగ్గాయి. 6 మీటర్ల దగ్గర ఒక నిమిషం, 3 మీటర్ల దగ్గర నాలుగు నిమిషాలు ఆగితే దాదాపు పోయాయి. ఇప్పుడు అందరూ పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్‌కి ఇలాంటి ప్రయోగాలే బలం.

మన లెక్కలో చూద్దాం. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి వేగవంతమైన భాగం 3.0 నుంచి సుమారు 2.7కి దిగుతుంది. మూడు నిమిషాలు ఆగితే 2.2, ఐదు నిమిషాలు ఆగితే 1.95. వెన్నుపాము, మెదడు ఈ తరహా వేగవంతమైన భాగాలే కాబట్టి ఇది చిన్న లాభం కాదు. 20 మీటర్లు దాటిన ప్రతి డైవ్‌కీ ఐదు నిమిషాలు ఆగండి. 40 నిమిషాల భాగం మాత్రం ఈ కాస్త సమయంలో కదలదు. దాన్ని నీటి పైన గంటల విశ్రాంతే ఖాళీ చేస్తుంది. అందుకే సేఫ్టీ స్టాప్ చేశాం కదా అని రెండో డైవ్‌కి తొందరపడకూడదు.

స్టాప్ దగ్గర కదలకుండా వేలాడొద్దు. కాళ్లు మెల్లగా ఆడిస్తూ ఉంటే రక్తం ఆడి నైట్రోజన్ బాగా బయటికి పోతుంది. అలలు పెద్దగా ఉంటే 6 మీటర్లకి దిగండి. లోతు నిలకడగా ఉండటమే ముఖ్యం. సర్ఫేస్ మార్కర్ బాయ్ (మీరున్న చోటు పడవకి తెలిసేలా నీటి పైన తేలే గొట్టం) వదలడం నేర్చుకుంటే దాని తాడే మీకు ఆసరా.

దశ 6: ఆఖరి 5 మీటర్లు

స్టాప్ అయిపోగానే తల పైకెత్తి బయటికి వచ్చేయడం దాదాపు అందరికీ ఉన్న అలవాటు. ఐదు సెకన్లలో వచ్చేస్తారు, అంటే నిమిషానికి 60 మీటర్ల వేగం. బుడగలు పెరగడానికి అనువైన చోట అత్యంత వేగంగా వస్తున్నారన్నమాట. ఈ 5 మీటర్లకి కనీసం ఒక నిమిషం తీసుకోండి. డైవ్ మొత్తంలో ఇంత తక్కువ శ్రమతో ఇంత లాభం ఇచ్చే పని ఇంకొకటి లేదు.

దశ 7: పరిమితి దాటి డీకంప్రెషన్ పడితే

మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రాగల సమయ పరిమితి దాటి, కంప్యూటర్ తప్పనిసరి స్టాప్ చూపిస్తే అది చెప్పిన లోతులో, చెప్పినంతసేపు ఆగాలి. గాలి సరిపోయినంత వరకు ఆఖరి స్టాప్‌కి ఇంకొన్ని నిమిషాలు కలపండి. టెక్నికల్ డైవర్లు 6 మీటర్ల దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తారు. అక్కడ పీల్చే నైట్రోజన్ సున్నా కాబట్టి బయటికి పోయే వేగం గరిష్ఠంగా ఉంటుంది. 6 మీటర్లకి మించి లోతులో అది ప్రాణాంతకం, అందుకే శిక్షణ లేకుండా ముట్టుకోకూడదు. చమురు వేదికల దగ్గర పనిచేసే కమర్షియల్ డైవర్లది వేరే లోకం. వాళ్లు రోజుల తరబడి పీడనంలోనే ఉంటారు. తర్వాత వాళ్లని పీడనాన్ని అదుపు చేసే గదిలో (చాంబర్‌లో) ఉంచి, ప్రతి 30 మీటర్లకి దాదాపు ఒక రోజు చొప్పున పీడనం తగ్గిస్తారు.

దశ 8: పైకి వచ్చిన మొదటి రెండు గంటలు

బుడగలు ఎక్కువగా కనిపించేది నీళ్లలో కాదు, పడవ ఎక్కాక. అరగంట నుంచి గంట మధ్య పెరిగి, రెండు గంటల దాకా కొనసాగుతాయి. సుమారు నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య పుట్టుకతో ఉండే చిన్న సందు పూర్తిగా మూసుకోకుండా ఉండిపోతుంది. మామూలుగా దాంతో ఏ ఇబ్బందీ లేదు. కానీ బరువు ఎత్తుతూ ఊపిరి బిగబట్టినప్పుడు కుడివైపు పీడనం పెరిగి, బుడగలు ఆ సందులోంచి ఎడమవైపుకి, అక్కడి నుంచి మెదడుకి వెళ్లగలవు.

అందుకే సిలిండర్, వెయిట్ బెల్ట్ నీళ్లలోనే విప్పి పడవ వాళ్లకి అందించండి. నిచ్చెన ఖాళీగా ఎక్కండి. సిలిండర్లు మోయడం, పరుగు, జిమ్, లంగరు లాగడం ఆ రోజుకి వద్దు. తువ్వాలు చుట్టుకుని, నీళ్లు తాగుతూ, నీడలో కూర్చోండి. వేడివేడి నీళ్ల స్నానం కొన్ని గంటలు ఆపండి. వేడికి గ్యాస్ కరిగే శక్తి తగ్గుతుంది. రెండో డైవ్‌కి కనీసం గంటన్నర, వీలైతే రెండు గంటలు విరామం ఇచ్చి, మొదటిదానికన్నా తక్కువ లోతుకి వెళ్లండి.

దశ 9: విమానం, ఘాట్ రోడ్డు

విమానం క్యాబిన్‌లో పీడనం సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తైన కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా చేస్తే కనీసం 18 గంటలు, తప్పనిసరి డీకంప్రెషన్ పడితే 24 గంటలు దాటాకే విమానం ఎక్కండి. అండమాన్ వెళ్లే మనవాళ్లు టికెట్ల కారణంగా చివరి రోజు దాకా డైవ్ పెట్టుకుంటారు. ముందు డైవ్‌లు పూర్తి చేసి, సెల్యులార్ జైలు లాంటివి చివరి రోజుకి ఉంచుకోండి.

రోడ్డు సంగతి ఎవరూ చెప్పరు. 600 మీటర్లు దాటిన ఎత్తుకి వెళ్లినా విమానం నియమమే వర్తిస్తుంది. విశాఖలో పొద్దున డైవ్ చేసి మధ్యాహ్నం అరకు బయలుదేరితే, అరకు లోయే దాదాపు 900 మీటర్ల ఎత్తు. అరకు ముందు రోజే చూసి రండి, డైవ్‌ని ఆ తర్వాత పెట్టుకోండి. నేత్రాణిలో డైవ్ చేసి ఆ రాత్రే మురుడేశ్వర్ నుంచి బెంగళూరు బస్సెక్కేవాళ్లదీ ఇదే సమస్య. బెంగళూరు 900 మీటర్ల పైనే ఉంది.

దశ 10: తేడా అనిపిస్తే

భుజం, మోచేయి, మోకాలిలో లోతైన నొప్పి. చర్మం మీద పాలరాయి చారల్లాంటి మచ్చలు. తిమ్మిర్లు, కాళ్లలో బలహీనత, తల తిరగడం, మూత్రం రాకపోవడం, కారణం తెలియని విపరీతమైన నీరసం. చాలావరకు పైకి వచ్చిన కొన్ని గంటల్లోనే మొదలవుతాయి, ఒక్కోసారి మరుసటి రోజు. నీళ్లలో ఏ తప్పూ చేయకపోయినా రావచ్చు కాబట్టి, "నేను రూల్స్ పాటించాను, ఇది బరువు మోసిన నొప్పే" అనుకుని పడుకోకండి.

వెంటనే పడుకోబెట్టి, పడవలో ఉన్న ఆక్సిజన్‌ని వంద శాతం అందేలా మాస్క్‌తో పెట్టించండి. నొప్పి తగ్గినా ఆపొద్దు. మళ్లీ నీళ్లలోకి దించి నయం చేసే ప్రయత్నం అసలు వద్దు. అసలు చికిత్స రీకంప్రెషన్ చాంబర్‌లో జరుగుతుంది. ఎక్కువగా వాడే పద్ధతిలో 18 మీటర్ల లోతుకి సమానమైన పీడనం దగ్గర ఆక్సిజన్ ఇస్తూ మొదలుపెట్టి, ఐదు గంటలకి కాస్త తక్కువ సమయంలో ముగిస్తారు. అండమాన్‌లో అయితే శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) లోని నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరిలో చాంబర్ ఉంది. మీరు ఎక్కడ డైవ్ చేసినా, పడవలో ఆక్సిజన్ ఉందా, పనిచేసే చాంబర్ ఎంత దూరంలో ఉందన్న రెండు ప్రశ్నలు డబ్బు కట్టకముందే అడగండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు డైవ్ కంప్యూటర్ వెంట తీసుకెళ్లండి. ఎంత లోతు, ఎంతసేపు, ఏ వేగంతో పైకి వచ్చారన్న రికార్డు అందులో ఉంటుంది, డాక్టర్‌కి మొదట కావాల్సింది అదే. అదే డైవ్ చేసిన మీ బడ్డీని (జంట డైవర్‌ని) కూడా తీసుకెళ్లి పరీక్ష చేయించండి.